ఫంక్షన్‌కు ఇంకా మూడు వారాలుంది, బ్రాయిలర్లను అప్పటిదాకా ఉంచాలా, ఇప్పుడే కోయాలా?

అన్నా, మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ముందు చెప్తాను, చదివే మిగతావాళ్లకూ తెలుస్తుంది. ఇంటి వెనక రేకుల షెడ్డులో 60 బ్రాయిలర్ పిల్లల్ని దించారు. ఇవాళ్టికి 34 రోజులు. మూడు పోయాయి, 57 ఉన్నాయి. ఒకదాన్ని పట్టుకుని తూస్తే రెండు కిలోలు వచ్చింది. అమ్మాయి ఓణీల ఫంక్షన్ మే 27న, 350 మంది దాకా వస్తారు. ఆ రోజుకు కోళ్లకు 55 రోజులు నిండుతాయి. అప్పటిదాకా మేపితే మూడు కిలోలు దాటుతాయనీ, ముదిరితే నాటుకోడి రుచి కూడా వస్తుందనీ ఊళ్లో అంటున్నారు. 31వ రోజున కోళ్లు గురక పెడుతున్నాయని మందుల షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ ఐదు రోజులకని మొదలుపెట్టారు. మందు మాట పక్కన పెడితే, మీరు అడిగింది ఒక్కటే: ఉంచాలా, కోయాలా?

ఉంచొద్దు. 38 రోజులు దాటాక, 42 రోజులు నిండేలోపు షెడ్డు ఖాళీ చేసేయండి. మందు వల్ల ఒకట్రెండు రోజులు అటూ ఇటూ జరగొచ్చు, ఆ సంగతి కింద చెప్తాను.

ముందు మీ రెండు కిలోల సంగతి. మీరు ఏ కోడిని పట్టుకున్నారు? షెడ్డులోకి వెళ్లి చేయి చాపగానే దొరికేది ఎప్పుడూ అన్నింటికంటే బరువైనదే. అది లేవలేదు, పరిగెత్తలేదు. చురుకైనవి, తేలికైనవి ఆ మూలకు పోతాయి. నేను కొత్తలో ఇలాగే నాలుగు పుంజుల్ని తూచి వ్యాపారికి యావరేజ్ చెప్పాను. లిఫ్టింగ్ రోజు, అంటే వ్యాపారి వచ్చి కోళ్లను ఎత్తుకెళ్లే రోజు, కాటా మీద కోడికి 250 గ్రాములు తేడా వచ్చింది, మాట పోయింది. తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే, ఒక అట్టపెట్టె ముక్కనో వెదురు తడకనో అడ్డం పెట్టి ఒక మూలన పది పన్నెండు కోళ్లను వేరు చేయండి. ఆ తడక లోపల ఉన్నవన్నీ తూచాలి, నచ్చినవి ఏరకూడదు. వేలాడే కాటాకు గోతం తగిలించి రెండేసి చొప్పున వేస్తే పది నిమిషాల పని. పెట్టలూ పుంజులూ కలిసిన బ్యాచ్‌లో ఆరో వారానికి రెండింటికీ 300 గ్రాముల పైనే తేడా ఉంటుంది, అందుకే ఒక కోడి బరువు బ్యాచ్ బరువు కాదు. మీ షెడ్డులో యావరేజ్ 1.8, 1.9 కిలోల దగ్గర ఉండి ఉంటుందని నా అంచనా. ఈ ఎండల్లో అది మంచి బరువే.

ఇక మేత లెక్క. బ్రాయిలర్ ఎప్పుడు కోయాలన్న ప్రశ్నకు సగం సమాధానం మేత బస్తాలోనే ఉంది. అందరూ ఎఫ్‌సీఆర్ అంటుంటారు కదా, అంటే కిలో బరువుకు ఎన్ని కిలోల మేత తిన్నదని. 35 రోజులకు అది 1.6 దగ్గర ఉంటే బాగా మేపినట్టే. కానీ ఆ అంకె మొదటి రోజు నుంచి కలిపి తీసిన యావరేజ్. మీకు కావలసింది అది కాదు. ఇక మీదట తినిపించే ప్రతి కిలో మేతకు ఎంత మాంసం వస్తుందన్నది చూడాలి. మే నెలలో నా షెడ్డుల్లో చూసిన ఉజ్జాయింపు లెక్క చెప్తాను. ఆరో వారంలో కోడి 1.15 కిలోల మేత తిని 520 గ్రాములు పెరుగుతుంది, అంటే కిలోకు 2.2 కిలోల మేత. ఏడో వారంలో 1.2 కిలోలు తిని 470 గ్రాములు, కిలోకు రెండున్నర. ఎనిమిదో వారంలో అంతే తిని 400 గ్రాములు, కిలోకు మూడు. చివరి వారాల్లో పెట్టే ఫినిషర్ మేత బస్తా 50 కిలోలు 2,200 రూపాయలు అనుకుందాం, కిలో 44. అప్పుడు ఆరో వారంలో పెరిగిన కిలో బరువుకు మేత ఖర్చే 97 రూపాయలు, ఏడో వారంలో 112, ఎనిమిదో వారంలో 132. మీ ఊళ్లో ఇవాళ లైవ్ రేటు, అంటే బతికున్న కోడికి కిలో రేటు, ఎంతో చికెన్ సెంటర్ బోర్డు మీద చూడండి. ఆ రేటును మేత ఖర్చు దాటిన రోజు నుంచి మీరు కోడిని పెంచడం లేదు, కొంటున్నారు.

మీ 57 కోళ్లకు ఈ మూడు వారాలూ కలిపితే 200 కిలోల మేత. నాలుగు బస్తాలు, దాదాపు తొమ్మిది వేలు. ఒక్క కోడీ చావకపోతే వచ్చే అదనపు బరువు 79 కిలోలు. ఎనిమిది చచ్చాయనుకోండి, మూడు కిలోల కోళ్లు కాబట్టి 24 కిలోలు అందులోంచి పోయింది, మిగిలింది 55. కిలో 160 రూపాయలు పడింది. బజారులో కొన్నా నయమే కదా.

ఇంకో విషయం. వయసు పెరిగే కొద్దీ ఎముకతో పోలిస్తే కండ పెరుగుతుంది, నిజమే. కిలోన్నర కోడిని కోస్తే తోలు తీశాక అరవై శాతం మిగిలితే, రెండుంపావు కోడిలో అరవై అయిదు దాకా మిగులుతుంది. అందుకని మరీ ముందు కోసినా నష్టమే. కానీ ఆరు వారాలు దాటాక పెరిగే బరువులో కొవ్వు వాటా ఎక్కువవుతూ పోతుంది. కడుపు అడుగున పసుప్పచ్చటి దిమ్మలా పేరుకునేది, తోలు కింద పట్టేది. తోలుతో వండుకునే దేశాల్లో అది రుచి. మన దగ్గర నూటికి తొంభై ఇళ్లలో స్కిన్‌లెస్ అడుగుతారు. తోలు, కొవ్వు కుక్కలకో చేపల చెరువుకో పోతాయి. బస్తాకు 2,200 పెట్టి చేపల్ని మేపడం ఎందుకు?

అసలు మీకు ఎంత మాంసం కావాలో చూడండి. 40 రోజులకు యావరేజ్ 2.25 కిలోలు అనుకుంటే 57 కోళ్లు 128 కిలోలు, స్కిన్‌లెస్‌గా 83 కిలోల చిల్లర. కిలోకు ఐదుగురు లెక్కన 415 మందికి వస్తుంది. మీకు వచ్చేది 350 మంది. మూడు కిలోల కోడి మీకు అవసరమే లేదు. పైగా రెండు కిలోల కోడిని పద్దెనిమిది ఇరవై ముక్కలు కొడితే పంక్తిలో వడ్డించడానికి సరిగ్గా ఉంటాయి. మూడు కిలోల కోడి ముక్క పైన ఉడికి లోపల ఉప్పు పట్టదు.

మేత లెక్క వేసుకుని కూడా "పోనీ, నాలుగు డబ్బులు పోతే పోయాయి, ఫంక్షన్ రోజు తాజాగా కోసుకుంటాం" అనేవాళ్లు ఉంటారు. నేనూ అదే అనేవాడిని. డబ్బు కంటే పెద్ద ఇబ్బంది కోడి గుండె.

కెనడాలోని ఆల్బెర్టా యూనివర్సిటీ వాళ్లు ఒక పని చేశారు. 1957 నాటి జాతిని, 1978 నాటి జాతిని, 2005 నాటి బ్రాయిలర్‌ను ఒకే మేతతో పెంచి తూచారు, 2014లో ప్రచురించారు. 56 రోజులకు మొదటిది 905 గ్రాములు, రెండోది 1,808 గ్రాములు, మూడోది 4,202 గ్రాములు. మేత అదే, ఇంజెక్షన్ ఏదీ లేదు. (బ్రాయిలర్‌కు హార్మోన్ సూది వేస్తారని వాట్సాప్‌లో తిప్పేవాళ్లకు ఇది చూపించండి. వేల కోళ్లకు రోజూ సూది వేసే ఓపిక ఏ రైతుకు ఉంది?) తరం తర్వాత తరం, త్వరగా పెరిగేవాటినే ఏరి జత కట్టిస్తూ పోతే వచ్చిన ఫలితం ఇది. కండ ఇలా నాలుగింతలు పెరిగింది గానీ, గుండె, ఊపిరితిత్తులు, కాళ్లు ఆ వేగాన్ని అందుకోలేకపోయాయి. అందుకే బ్రాయిలర్ నలభై రోజులు దాటితే రోజురోజుకూ అప్పు మీద బతుకుతున్నట్టే.

మీకు పోయిన మూడింట్లో ఒకటి వెల్లకిలా పడి ఉందని రాశారు, ముందు రోజు బాగానే తిన్నదన్నారు. అది తెగులు కాదు. బాగా పెరిగే కోడికి, అందులోనూ పుంజుకు, గుండె ఆగి రెక్కలు టపటపా కొట్టుకుని వెల్లకిలా పడుతుంది. ఒకటి అరా అలా పోవడం మామూలే. కానీ రోజూ ఒకటి చొప్పున మొదలైతే, మందు గడువు నిండి ఉంటే చాలు, ఇక లెక్కలు వేయకుండా కోసేయాలి. ఇంకో గుర్తు కడుపులో నీళ్లు. కోడిని ఎత్తి పొట్ట కింద చేయి పెడితే నీళ్లు పోసిన బెలూన్‌లా ఊగుతుంది, జుట్టు నీలంగా ఉంటుంది, చల్లటి పూట కూడా నోరు తెరిచి రొప్పుతుంది. దాన్ని వేరు చేయండి, వంటకు వద్దు.

కాళ్ల సంగతి చూడాలంటే మేత పెట్టేటప్పుడు మీ చేతిలోని బకెట్ వైపు కాకుండా వెనక వరసలోని కోళ్ల వైపు చూడండి. బాగున్న కోడి లేచి వచ్చి, నిలబడి తిని, నీళ్ల దగ్గరికి నడుస్తుంది. భారం ఎక్కువైన కోడి ఫీడర్ పక్కనే కూర్చుని తింటుంది, నాలుగడుగులు వేసి మళ్లీ కూర్చుంటుంది. కూర్చుని కూర్చుని రొమ్ము మీద ఈకలు ఊడి, ఊక తడికి చర్మం ఎర్రబడి పొక్కుతుంది. పదింట్లో రెండు మూడు ఇలా కనిపిస్తే క్యాలెండర్ తీసి పక్కన పెట్టండి, మందు గడువు నిండగానే కోసేయండి.

దానికి తోడు మీ ఫంక్షన్ రోహిణి కార్తెలో. రోళ్లు పగిలే ఎండ అని ఊరికే అనలేదు పెద్దవాళ్లు. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడం ఒక్కటే దానికి తెలిసిన ఏసీ. కిలో కోడి తట్టుకునే ఎండను రెండున్నర కిలోల కోడి తట్టుకోదు. 2015 మే చివర వడగాలులు గుర్తున్నాయి కదా, రెండు రాష్ట్రాల్లోనూ మనుషులే వందల్లో పోయారు. అప్పుడు నా దగ్గర వెయ్యి కోళ్ల బ్యాచ్ 44 రోజులకు వచ్చింది. ఒక వ్యాపారి రెండు రోజులు ఆగు, రేటు పెరుగుతుంది అన్నాడు. ఆగాను. 46వ రోజు మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది, ఫ్యాన్లు ఆగాయి. షెడ్డులో రొప్పే చప్పుడు వర్షం పడుతున్నట్టు ఉంటుంది. అది వినపడుతున్నంతసేపూ పరుగులు పెట్టి రేకుల మీద, గోతాల మీద నీళ్లు కొడుతూనే ఉన్నాం. మూడు దాటాక అటు చివర చప్పుడు తగ్గింది. చల్లబడి కుదుటపడ్డాయి అనుకున్నాను. వెళ్లి చూస్తే మెడలు చాచి పడి ఉన్నాయి. సాయంత్రానికి 140. అన్నీ పెద్దవే, చిన్నవి ఒక్కటీ పోలేదు. గుంత తీసి సున్నం చల్లి పూడుస్తుంటే మా ఆవిడ ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధనిపించింది. ఆ రెండు రోజుల్లో కిలోకు పెరిగింది మూడు రూపాయలు.

మీ షెడ్డు రేకులది, ఎత్తు ఎనిమిది అడుగులే అన్నారు. మూడు కిలోల కోడికి అది పెనం.

నాటుకోడి రుచి మాట కూడా చెప్పాలి. ఆ రుచి రెండు మూడు వారాలు ఎక్కువ ఉంచితే వచ్చేది కాదు. నాటుకోడి ఆరేడు నెలలు తిరిగి, పురుగూ పుట్రా తిని, గుడ్డుకు వచ్చే వయసులో కోసుకుంటాం. 55 రోజుల బ్రాయిలర్ ఎంత బరువున్నా పిల్లే. కండ ఒక పిసరు గట్టిపడుతుంది, కొవ్వు పెరుగుతుంది, అంతే. ఆ రుచే కావాలనుకుంటే వేరే జాతి పెట్టుకోవాలి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజ లాంటివి పెరట్లో తిరుగుతూ నెమ్మదిగా పెరుగుతాయి, వాటిని నెలల తరబడి ఉంచుకున్నా పోయేదేమీ లేదు. బ్రాయిలర్‌ను అలా ఉంచితే రుచి రాదు, రోగం వస్తుంది.

ఇప్పుడు మీరు వాడిన మందు. ఇది చాలామంది మరిచిపోయే లెక్క. 31వ రోజు మొదలుపెట్టి ఐదు రోజులు అంటే రేపటితో అయిపోతుంది. సీసా పారేయకుండా ఉంటే దాని మీద చిన్న అక్షరాల్లో మందు ఆపిన తర్వాత ఎన్ని రోజులకు కోయాలో రాసి ఉంటుంది. ఆ రోజులు నిండకుండా కోయొద్దు, ఎంత తొందరైనా సరే. 350 మంది తినే కూర అది, అందులో పిల్లలుంటారు. లేబుల్ మీద గడువు లేకపోతే మీ మండల పశువైద్యుడికి సీసా చూపించండి. దాని మీద కోలిస్టిన్ అని ఉంటే మాత్రం ఆ షాపుకు మళ్లీ వెళ్లకండి. తినే జంతువులకు, కోళ్లకు అది వాడకూడదని కేంద్రం 2019లోనే నిషేధించింది. అలాగే మేత బస్తా మీద కూడా చూడండి, రక్తపారుడు రాకుండా కలిపే మందుకు గడువు ఉంటే అది కూడా పాటించాలి. మీరు ముందుగా కోయగలిగే రోజు ఏదో ఈ గడువే చెప్తుంది. అది 40 అయితే 40, 43 అయితే 43.

గడువు కోసం నాలుగు రోజులు ఆగాల్సి వస్తే కోళ్లను కాస్త పట్టి ఉంచొచ్చు. పొద్దున పదింటికి ఫీడర్లు పైకి కట్టేయండి, సాయంత్రం ఐదు దాటాక దించండి. ఎండ పూట తినకపోతే ఒంట్లో వేడి తగ్గుతుంది, పెరుగుదల కూడా కొంచెం నెమ్మదిస్తుంది. నీళ్లు మాత్రం ఒక్క నిమిషం ఆపొద్దు, ట్యాంకు మీద తడి గోతం కప్పండి, ఎండకు కాగిన నీళ్లు కోడి ముట్టదు. ఈ పద్ధతిలో వారం నెట్టొచ్చు. మూడు వారాలు నెడదామనుకుంటే కుదరదు.

మరి ఫంక్షన్‌కు? రెండు దారులున్నాయి. మొదటిది డీప్ ఫ్రీజర్. 83 కిలోలంటే ఇంట్లో ఫ్రిజ్ పైఅర సరిపోదు, 300 లీటర్ల ఫ్రీజర్ కావాలి. మీ ఊళ్లో మేలో కరెంటు ఎన్ని గంటలు పోతుందో మీకే తెలుసు. జనరేటర్ లేకుండా ఈ దారి నేను చెప్పను.

రెండోది నాకు నచ్చేది. మీరు మామూలుగా కొనే చికెన్ సెంటర్ అతనితో మాట్లాడండి. 40వ రోజున, మందు గడువు అప్పటికి నిండకపోతే అది నిండిన రోజున, ఓ 45 కోళ్లు లైవ్ తూకానికి అతనికి ఇచ్చేయండి. ఆ తూకం కాగితం మీద రాసుకోండి. ఫంక్షన్ రోజు పొద్దున అతను తాజాగా కోసి ఇచ్చే చికెన్‌లో ఆ లెక్క పట్టుకుంటాడు. ఆ రోజు రేటు ఎంతున్నా, మీరిచ్చిన లైవ్ తూకానికి అంతే లైవ్ తూకం కోళ్లు కోసివ్వాలి అని ముందే ఒప్పుకుంటే గొడవ ఉండదు, కోత కూలి వేరుగా ఇవ్వండి. సెంటర్ వాళ్లు దీనికి కాదనరు, వాళ్లకు రోజూ కోళ్లు కావాలి. మందు గడువు సంగతి మాత్రం అతనికి కూడా చెప్పే ఇవ్వాలి. మిగిలిన పన్నెండింటిని మీరు రెండు మూడు విడతలుగా ఇంటికి, చుట్టాలకు కోసుకోండి. "మనం పెంచిన కోడే వడ్డించాలి" అన్న ముచ్చట ఉంటుంది, కాదనను. కానీ పంక్తిలో కూర్చున్నవాళ్లకు ముక్క మెత్తగా ఉందా, కారం సరిపోయిందా అన్నదే ముఖ్యం.

ఇంట్లో కోసే కోళ్లకు రాత్రి ఎనిమిదింటికి మేత తీసేయండి, తెల్లారి నాలుగున్నరకు కోత మొదలుపెట్టండి. ఎనిమిది పది గంటలు ఖాళీ కడుపుతో ఉంటే మెడ కింద మేతసంచి, పేగు ఖాళీ అవుతాయి. శుభ్రం చేసేటప్పుడు పేగు తెగినా మాంసం మీద పడదు. అంతకంటే ఎక్కువ మాడ్చొద్దు, పేగు పలచబడి ఇంకా తొందరగా తెగుతుంది. చీకట్లోనే పట్టుకోండి, బెదరవు. రెక్క పట్టి లాగితే లోపల రక్తం గడ్డకట్టి ముక్క నల్లగా కనిపిస్తుంది. కోశాక రెండు నిమిషాలు పూర్తిగా రక్తం కారనివ్వాలి. లివర్‌కు అంటుకున్న పచ్చటి తిత్తి చిట్లకుండా తీయాలి, చిట్లితే కూరంతా చేదు.

కోసిన వెంటనే, గంటలోపు పొయ్యి మీద పెడితే ఇబ్బంది లేదు. అలా కుదరకపోతే ఐసు నీళ్లలో నాలుగైదు గంటలు ఉంచి తర్వాత వండండి. మధ్యలో, బిగుసుకున్న టైంలో వండితే రబ్బరులా ఉంటుంది, ఫ్రీజర్‌లో పెట్టేదానికైనా ఇదే లెక్క. చాలామంది బ్రాయిలర్ రుచి లేదని తిట్టేది ఈ తప్పు వల్లే.

మళ్లీ ఎప్పుడైనా ఫంక్షన్‌కు పెంచాలనుకుంటే ఆ రోజు నుంచి 40 రోజులు వెనక్కి లెక్కపెట్టి పిల్లల్ని దించండి. మే 27కు అయితే ఏప్రిల్ 17న దించాల్సింది. అసలు నన్నడిగితే మేలో ఫంక్షన్‌కు బ్రాయిలర్ పెంచుకోవద్దనే అంటాను, కార్తీకం వెళ్లాక పెట్టే ఫంక్షన్‌కు పెంచుకోండి.

ఇప్పటికి రేపు తెల్లవారుజామున పన్నెండు కోళ్ల బరువులు, మందు సీసా మీద రాసింది, బస్తా రేటు, మీ ఊరి లైవ్ రేటు ఇక్కడ పెట్టండి. ఏ రోజు కోయాలో లెక్క వేసి చెప్తాను. ఈలోపు రేకుల మీద గడ్డి పరిచి, మధ్యాహ్నం పన్నెండుకొకసారి, రెండింటికొకసారి తడపడం మరవకండి.